వాడువారి మాట

పూర్వము రాజులకు చారులే కన్నులని పెద్దలు చెప్పెడివారు. నగరిలో కూర్చుండిన ప్రభువునకు పల్లెలో పంట పండినదో, ఎండినదో, పన్ను వసూలు చేయు అధికారి ప్రజలను పీడించుచున్నాడో లేదో తనంతట తెలియదు. కొలువులోనివారు రాజునకు ప్రియమైన మాటలే చెప్పుదురు. కావున మంచి రాజు మారువేషము వేసికొని, రాత్రివేళ వీథులలో తిరుగుచు, అరుగులమీద కూర్చుండి ప్రజలు చెప్పుకొను మాటలను చెవియొగ్గి వినెడివాడని మన కథలలో తఱచుగా చదువుచుందుము. ఒక పని యెవరికొఱకు జరుగుచున్నదో, దాని బాగోగులను వారివలననే తెలిసికొనవలెనని ఆ కథలు మనకు బోధించుచున్నవి.

ఈ నీతి వస్తువులను చేయువారికి కూడ వర్తించును. కుండ కారుచున్నదో లేదో నీరు మోసిన యిల్లాలికి తెలియును. నాగలి బరువు దున్నువాని భుజమునకు తెలియును. అయితే కుమ్మరియు, వడ్రంగియు ఆ యూరిలోనే యుందురు. కుండ కారినచో ఇల్లాలు మఱునాడే కుమ్మరి వాకిట నిలిచి అడుగును. వడ్రంగి పొలముగట్టున నడచిపోవుచు, తాను చేసిన నాగలి యెట్లు దున్నుచున్నదో కన్నులార చూచును. వారికి వేఱుగా చారులు అక్కఱలేదు.

నేటికాలమున పుట్టిన సాఫ్టువేరు సంగతి అట్లు కాదు. కంప్యూటరును గాని, చేతిలోని ఫోనును గాని నడిపించు ఆజ్ఞల సముదాయమునకు సాఫ్టువేరని పేరు. రైలు టిక్కెట్టు కొనుట, బ్యాంకులో సొమ్ము జమచేయుట, పరీక్షా ఫలితములు చూచుకొనుట మొదలైన పనులన్నియు నేడు దీని సహాయముననే జరుగుచున్నవి. దీనిని చేసినవారు ఒక దేశమున, వాడువారు పెక్కు దేశములలో నుందురు. చేసినవాడు వాడువాని ముఖమును ఎన్నడును చూడడు. కావున వాడువారి కష్టసుఖములు చేసినవారి చెవికి చేరుటకు ఒక మార్గమును బుద్ధిపూర్వకముగా ఏర్పఱుపవలసియున్నది. ఆ మార్గము ఎట్టిదై యుండవలెను? ఈ ప్రశ్న చిన్నదిగా తోచును గాని, దీనికి సరియైన సమాధానము చెప్పుకొననిచోట ప్రాణములే పోయిన సందర్భము కలదు.

కెనడా దేశమున ఒక ప్రభుత్వ సంస్థ థెరాక్-25 అను చికిత్సాయంత్రమును నిర్మించెను. క్యాన్సరు వ్యాధిగ్రస్తులకు కొలత ప్రకారము కిరణములను ప్రసరింపజేయుట దాని పని. అట్టివి 11 యంత్రములు కెనడాలోను, అమెరికాలోను ఆసుపత్రులలో నెలకొల్పబడినవి. అంతకుముందు ఇట్టి యంత్రములలో ప్రమాదమును నివారించు పరికరములు కొన్ని విడిగా నుండెడివి. ఈ యంత్రమున వాని పనిని చాలవఱకు సాఫ్టువేరునకే అప్పగించిరి. 1985 మొదలు 1987 వఱకు ఆరుగురు రోగులకు ఉండవలసిన కొలతకంటె ఎన్నో రెట్లు అధికముగా కిరణములు తగిలెను. వారిలో కొందఱు మరణించిరి.

ఈ దుర్ఘటనలో మనము ముఖ్యముగా గమనింపవలసిన అంశము మఱొకటి కలదు. యంత్రము తప్పు చేయుచున్నదని దానిని వాడువారికి మొదటినుండియు సూచనలు కనబడుచుండెను. తెరమీద ‘మాల్‌ఫంక్షన్ 54’ వంటి మాటలు వచ్చుచుండెడివి. ఆ మాటకు అర్థమేమో యంత్రమును నడుపువారికి తెలియదు. అట్టి సూచనలు దినమునకు పలుమార్లు వచ్చుచుండుటచే వారు వానికి అలవాటుపడి, మీట నొక్కి ముందునకు సాగుచుండిరి. మొదటి ప్రమాదము జరిగిన పిమ్మట ఆసుపత్రివారు ఇట్లు అధికమోతాదు వచ్చుట సాధ్యమా యని నిర్మాతలను అడుగగా, సాధ్యము కాదని సమాధానము వచ్చెను. ఒక ఆసుపత్రిలో జరిగిన ప్రమాదము మఱొక ఆసుపత్రికి తెలియలేదు. ఫిర్యాదులనన్నిటిని ఒకచోట చేర్చి, ఒకదానితో నొకటి పోల్చిచూచు ఏర్పాటు లేకపోయెను.

చివరకు 1986లో టెక్సాసు రాష్ట్రమునందలి టైలరు పట్టణమున, ఆసుపత్రిలోని భౌతికశాస్త్రవేత్తయు, యంత్రమును నడుపు ఉద్యోగినియు కలిసి కూర్చుండి, ప్రమాదము జరిగిన నాడు తాకిన మీటలనే మరల మరల తాకి చూచి దోషమును పట్టుకొనిరి. ఆ ఉద్యోగిని ఎంతో అనుభవము గలది; ఆమె వ్రేళ్లు మిక్కిలి వేగముగా కదలెడివి. ఆమె ఒక అక్షరమును పొరపాటున కొట్టి, 8 సెకండ్లలోపల దిద్దుకొన్నచో, తెరమీద మార్పు కనబడెడిది గాని, లోపలి యంత్రభాగమునకు ఆ మార్పు అందెడిది కాదు. నిర్మాతలు తమ పరీక్షలలో అంత వేగముగా కొట్టలేదు. అందుచే వారికి ఆ దోషము కనబడలేదు. వాడువారి చేతివేగము చేసినవారి ఊహకు అందలేదన్నమాట. ఆమె పనిచేయుచుండగా ఎవరైన ముందే ప్రక్కన నిలిచి చూచియున్నచో, ఆ దోషము ప్రాణములు తీయకముందే బయటపడి యుండవచ్చును.

ప్రాణాపాయము కాకపోయినను, మన భాషకు సంబంధించిన ఉదాహరణ మొకటి కలదు. 2018వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున ‘జ్ఞా’ అను మన తెలుగు అక్షరము ప్రపంచమంతట వార్తలకెక్కెను. జకారము, ఞకారము, దీర్ఘము వీని నడుమ కంటికి కనబడని యొక గుర్తు చేరి ఏర్పడిన ఆ అక్షరము సందేశమున వచ్చినంతనే ఐఫోనులలో ఆ సందేశమును చూపవలసిన ప్రోగ్రాము ఆగిపోవుచుండెను. ఆపిల్ సంస్థవారు ఫిబ్రవరి 19వ తేదీన 11.2.6 అను సంఖ్యగల మార్పును విడుదలచేసి దానిని సరిదిద్దిరి. ‘జ్ఞానము’ అను మాటలోని మొదటి అక్షరమే యంత్రమును కలవరపెట్టినదని పలువురు నవ్వుకొనిరి. కాని దీని వెనుక ఆలోచింపదగిన విషయము కలదు. ఒక భాషకు ఎన్ని సంయుక్తాక్షరములు కలవో, అవి ఎట్లెట్లు కూడునో ఆ భాషను వ్రాయువారికి తెలిసినంతగా ఇతరులకు తెలియదు. వాడువారిలో తెలుగువారు ఉన్నపుడు, మాట అడుగువారి జాబితాలోను తెలుగువారు ఉండవలెను.

వాడువారి మాట వినుట అవసరమని తేలినది. ఇక వినుట యెట్లు? చాలమంది చేయు పొరపాటేమనగా, ముందుగా సాధనమును ఎన్నుకొని, పిదప దానితో ఏమి తెలిసికొనవలెనో ఆలోచింతురు. ‘అందఱకు ఒక ప్రశ్నావళి పంపుదము’ అని మొదలుపెట్టుదురు. ఇది వైద్యుడు రోగిని చూడకముందే మందుసీసాను తీయుట వంటిది. మొదట మనము తెలిసికొనగోరునది యేమో నిశ్చయింపవలెను. తెలిసికొనదగిన విషయములు ముఖ్యముగా నాలుగు విధములు. ఎక్కడ చెడిపోవుచున్నది? వాడువారు ఏమి కోరుచున్నారు? ఎక్కడ తడబడుచున్నారు? ఎంతమంది దేనిని వాడుచున్నారు? ఈ నాలుగు ప్రశ్నలకు నాలుగు వేఱువేఱు మార్గములు కలవు. ఒకదానికి తగిన మార్గము మఱొకదానికి తగదు.

మొదటిది దోషముల నమోదు. సాఫ్టువేరు చెడినపుడు వాడువారు తెలియజేయుటకు ఒక స్థలమును ఏర్పఱచి, వచ్చిన ప్రతి ఫిర్యాదునకు ఒక సంఖ్య వేసి, అది పరిష్కారమగు వఱకు పుస్తకమున నిలిపియుంచుట దీని పద్ధతి. 1993లో ఆరంభమైన డెబియన్ అను ఉచిత సాఫ్టువేరు సంఘమువారు ఈ పద్ధతిని చక్కగా పాటించుచున్నారు. అక్కడ ఫిర్యాదుల పుస్తకము బహిరంగము. ఎవరైనను తెఱచి చదువవచ్చును. తమ దోషములను దాచిపెట్టమని 1997లో వారు వ్రాతపూర్వకముగా మాట యిచ్చిరి. ఒకరు తెలిపిన దోషమును మఱొకరు చదివి, ‘నాకును ఇట్లే జరిగినది’ అని చేర్చవచ్చును. థెరాక్ యంత్రము విషయమున లోపించినది సరిగా ఇదియే.

ఫిర్యాదు చేయువారిని గౌరవించుటలో డొనాల్డ్ నూత్ అను అమెరికా పండితుని పద్ధతి ప్రసిద్ధమైనది. ఆయన 1977లో గణితగ్రంథములను అందముగా అచ్చువేయుటకై టెక్ అను సాఫ్టువేరును నిర్మింప బూనుకొనెను. అందు దోషమును చూపినవారికి మొదట 2 డాలర్ల 56 సెంట్లు బహుమానముగా నిచ్చెడివాడు. కంప్యూటరు లెక్కలలో 256 అను సంఖ్యకు ప్రత్యేకత యుండుటచే ఆ మొత్తమును ఎన్నుకొనెను. పిదప దానిని ఏటేట రెట్టింపు చేయుచు, 327 డాలర్ల 68 సెంట్లవద్ద నిలిపెను. ఆయన సంతకము గల చెక్కును బ్యాంకులో మార్చుకొనక, పటము కట్టించి గోడకు తగిలించుకొన్నవారు పెక్కుమంది. తన సాఫ్టువేరులో దొరికిన దోషములన్నిటిని ఆయన వరుసగా వ్రాసియుంచి, 1989లో ఆ జాబితాపై ఒక వ్యాసమునే ప్రకటించెను. తప్పు చూపినవానిని శత్రువుగా కాక మిత్రునిగా ఎంచుట ఈ మార్గమునకు ప్రాణము.

అయితే ఫిర్యాదు చేయుటయు ఒక విద్యయే. ‘ఇది పనిచేయుట లేదు’ అని మాత్రము వ్రాసినచో చేసినవారికి ఏమియు బోధపడదు. నేనేమి చేసితిని, ఏమి జరుగునని తలచితిని, వాస్తవముగా ఏమి జరిగినది అను మూడు సంగతులు చెప్పినచో దోషము సగము పట్టుబడినట్లే. కావున ఫిర్యాదు పత్రమున ఈ మూడింటికిని చోటు విడిచి, తక్కిన ప్రశ్నలను తగ్గించుట మేలు. పత్రము పెద్దదైన కొలది వ్రాయువారు తగ్గిపోవుదురు.

రెండవది ప్రశ్నావళి. వాడువారి కోరికలను, సంతృప్తిని, అసంతృప్తిని తెలిసికొనుటకు ఇది ఉపకరించును. చూచుటకు సులభముగా నుండును. కాని మోసపోవుటకు దీనియందున్నంత అవకాశము మఱి దేనియందును లేదు. ఇందుకు చరిత్రలో గొప్ప నిదర్శనము కలదు. 1936లో అమెరికా అధ్యక్షపదవికి రూజ్వెల్టును, ల్యాండనును పోటీచేసిరి. ‘లిటరరీ డైజెస్టు’ అను వారపత్రిక ఫలితమును ముందుగా చెప్పదలచి, సుమారు 1 కోటి మందికి పత్రములు పంపెను. 23 లక్షలకు పైగా పత్రములు తిరిగి వచ్చెను. వానిని లెక్కించి, ల్యాండను గెలుచునని పత్రిక ప్రకటించెను. ఎన్నికలో రూజ్వెల్టు 48 రాష్ట్రములలో 46 రాష్ట్రములను గెలుచుకొనెను. అంతకంటె ఎంతో తక్కువమందిని ప్రశ్నించిన జార్జి గాలప్ అను ఆయన రూజ్వెల్టే గెలుచునని సరిగా చెప్పగలిగెను.

ఇన్ని లక్షలమంది చెప్పిన మాట తప్పగుటకు కారణమేమి? ఆ పత్రిక చిరునామాలను ఎక్కువగా టెలిఫోను జాబితాలనుండియు, మోటారుకార్ల యజమానుల పట్టికలనుండియు సేకరించెను. ఆ కఱవు దినములలో టెలిఫోనును, కారును గలవారు కలిగినవారు. పేదవారి మాట పత్రికకు చేరనేలేదు. మఱియు, పంపిన కోటి పత్రములలో ముప్పాతిక భాగము తిరిగి రాలేదు. వ్రాసినవారి అభిప్రాయము వేఱు, వ్రాయనివారి అభిప్రాయము వేఱు. ఎంతమందిని అడిగితిమన్నదానికంటె, ఎవరిని అడిగితిమన్నదియే ముఖ్యమని దీనివలన తెలియుచున్నది. ఫోనులోని ప్రశ్నావళిద్వారా ‘మీకు ఫోను వాడుట సులభముగా నున్నదా?’ అని అడిగినచో, వాడలేనివారు ఆ ప్రశ్నను చూడనే చూడరు గదా!

ప్రశ్నను అడుగు తీరునందును జాగ్రత్త అవసరము. ‘మా క్రొత్త సాఫ్టువేరు ఎంత సౌకర్యముగా నున్నది?’ అని అడిగినచో, సౌకర్యముగా నున్నదని ముందే ఒప్పించినట్లగును. ఇంటికి వచ్చిన అతిథిని ‘వంట బాగున్నదా?’ అని అడిగిన, ఉప్పు ఎక్కువైనను బాగున్నదనియే చెప్పును. ‘నిన్న మీరు దీనితో ఏ పని చేసితిరి? ఎక్కడ ఆగితిరి?’ అని జరిగిన సంగతిని అడిగినచో మర్యాదకు తావుండదు, నిజము బయటపడును.

మూడవ మార్గము ప్రక్కన నిలిచి చూచుట. మనుష్యులు చెప్పునదియు, చేయునదియు ఎల్లప్పుడును ఒకటిగా నుండవు. తాము తడబడినట్లు చెప్పుకొనుటకు కొందఱు సిగ్గుపడుదురు; కొందఱికి తాము తడబడిన సంగతియే గుర్తుండదు. కావున కొందఱిని పిలిచి, ఒక పని అప్పగించి, వారు చేయుచుండగా మాటాడక చూచుట మేలు. ఇది కష్టమైన వ్రతము. ఏలయన చేసినవాని నోరు ‘అక్కడ కాదు, ఇక్కడ నొక్కుము’ అని చెప్పుటకు తహతహలాడుచుండును. కాని వాడువాని యింటిలో చేసినవాడు ప్రక్కన నుండడు గదా!

1984లో లాస్ ఏంజిలిస్ నగరమున జరిగిన ఒలింపిక్ క్రీడలకై ఐబీఎం సంస్థలోని జాన్ గూల్డ్ మొదలగు శాస్త్రజ్ఞులు చేసిన కృషి ఇందుకు ఆదర్శప్రాయమైనది. పెక్కు దేశములనుండి వచ్చిన క్రీడాకారులు తమ యింటివారు పంపిన మాటలను టెలిఫోనులో వినుటకు, మరల మాటలు పంపుటకు వారొక సాఫ్టువేరును నిర్మింపవలసియుండెను. అది 12 భాషలలో పలుకవలెను. క్రీడలు కొన్ని వారములలో ముగియును. తప్పు జరిగినచో దిద్దుకొనుటకు వ్యవధి లేదు. అందుచే వారు సాఫ్టువేరును పూర్తిగా వ్రాయకముందే, అది యెట్లు పనిచేయునో తెలుపు చిన్న సంభాషణలను కాగితముపై వ్రాసి నలుగురికి చూపిరి. వాడువారికై మార్గదర్శిని పుస్తకమును ముందే వ్రాసి, చదువువారికి అర్థము కానిచోట పుస్తకమును మాత్రమే కాక సాఫ్టువేరునే మార్చిరి. నమూనాను తమ భవనములోని నడవలో నిలిపి, వచ్చిపోవువారు దానిని తాకి చూచి ఏమనుచున్నారో వినిరి. విద్యార్థులను పిలిచి, ‘దీనిని చెడగొట్టగలిగినచో చెడగొట్టుడు’ అని పందెము వేసిరి. క్రీడల ముందు జరిగిన ఒక అంతర్జాతీయ పోటీలో క్రీడాకారులచేతనే వాడించి చూచిరి. ఫలితముగా క్రీడలు జరిగిన కాలమున ఆ ఏర్పాటు 40,000 సార్లకు పైగా వాడబడెను.

ఇట్లు చూచుటకు ఎంతమంది కావలెను? జేకబ్ నీల్సన్, టామస్ లాండౌర్ అను పరిశోధకులు 1993లో దీనిని గూర్చి ఒక లెక్క కట్టిరి. వారు పరిశీలించిన సందర్భములలో సగటున ఒక్కొక్క మనిషి 31 శాతము ఇబ్బందులను బయటపెట్టెను. ఆ లెక్కప్రకారము ఐదుగురిని చూచినచో సుమారు 85 శాతము బయటపడును. ఆఱవవాడు చూపునది చాలవఱకు మొదటి ఐదుగురు చూపినదే. కావున పదునైదుమందిని ఒకేసారి చూచుటకంటె, ఐదుగురిని చూచి, తప్పులు దిద్ది, మరల మఱి ఐదుగురిని చూచుట మేలని నీల్సన్ సలహా. ఇది సగటు లెక్కయే గాని అన్నిచోట్ల తప్పక జరుగు నియమము కాదు. మఱియు ఆ ఐదుగురును ఒకే తరగతికి చెందినవారైనచో తక్కినవారి కష్టము కనబడదు. చదువరులను, ముసలివారిని, చూపు మందగించినవారిని విడివిడిగా చూడవలెను.

నాలుగవ మార్గము లెక్కించుట. సాఫ్టువేరే తన వాడకమును లెక్కించి, చేసినవారికి తెలియజేయునట్లు ఏర్పాటు చేయవచ్చును. ఏ భాగమును ఎందఱు వాడుచున్నారు, ఎక్కడ ఎన్నిసార్లు ఆగిపోయినది అను సంగతులు దీనివలన తెలియును. ఇది ఏమి జరిగినదో చెప్పును గాని, ఎందుకు జరిగినదో చెప్పదు. ఒక మీటను ఎవరును నొక్కుటలేదని లెక్క తెలుపును. అది అక్కఱలేకపోవుటచే నొక్కలేదా, కనబడకపోవుటచే నొక్కలేదా యన్నది మనిషిని అడిగియే తెలిసికొనవలెను.

ఇక్కడనే మనము వ్యాసారంభమున చెప్పుకొన్న చారులను మరల తలచుకొనవలసియున్నది. రాజు చారులను పంపుచున్నట్లు ప్రజలకు తెలియదు. వారి యింటి మాటలు వారికి తెలియకుండనే కోటకు చేరెడివి. ప్రజాస్వామ్యమున పౌరుని గుట్టును అతని యనుమతి లేక గ్రహించుట న్యాయము కాదు. డెబియన్ సంఘమువారు ఏ సాఫ్టువేరు ఎంత వాడుకలో నున్నదో లెక్కించు ఏర్పాటు ఒకటి చేసికొనిరి. కాని ముందుగా వాడువానిని అడుగుదురు. అతడేమియు చెప్పనిచో ‘వద్దు’ అన్నట్లుగనే భావింతురు. భారత పార్లమెంటు 2023లో వ్యక్తిగత సమాచార రక్షణకై ఒక చట్టమును చేసెను. ఏ సమాచారమును, ఎందులకు తీసికొనుచున్నారో స్పష్టముగా తెలిపి సమ్మతి పొందవలెననియు, 18 సంవత్సరములు నిండనివారి విషయమున తల్లిదండ్రుల లేదా సంరక్షకుల సమ్మతి పొందవలెననియు ఆ చట్టము చెప్పుచున్నది. అవసరమైనంత మాత్రమే అడుగుట, అడిగి తీసికొనుట, పని ముగిసినపిమ్మట చెరిపివేయుట సేకరించువారి ధర్మము.

ఈ నాలుగు మార్గములలో దేనిని ఎన్నుకొనవలెను? ఒక ఉదాహరణము తీసికొందము. జిల్లాలోని శాఖా గ్రంథాలయములలో ఏ పుస్తకము ఎక్కడ నున్నదో చూపు సాఫ్టువేరును కొందఱు యువకులు చేయుచున్నారనుకొందము. వారి చేతిలో సొమ్ము తక్కువ, కాలము తక్కువ. మొదటి నెలలో వాడువారే కొద్దిమంది. అప్పుడు ప్రశ్నావళివలన లాభము లేదు. ఐదుగురు చదువరులను, ముగ్గురు నలుగురు గ్రంథపాలకులను ప్రక్కన నిలిచి చూచుటయే తగినది. అది వాడుకలోనికి వచ్చిన పిమ్మట దోషముల నమోదు అవసరమగును. ఫోను లేనివారు కూడ చెప్పుకొనుటకు గ్రంథపాలకుని బల్లమీద ఒక నోటుపుస్తకము, పెన్సిలు ఉంచవలెను. కొన్ని నెలలైన తరువాత, ఏ మాటలతో వెదకిన పుస్తకములు దొరకుటలేదో, పేర్లు వ్రాసికొనకుండ లెక్కింపవచ్చును. ఇంతయు తెలిసిన పిదప మూడు నాలుగు ప్రశ్నలతో చిన్న ప్రశ్నావళి వేసినచో, ఏమి అడుగవలెనో వారికి బాగుగా తెలిసియుండును.

అయినను వీరిలో ఎవరికిని కనబడని వర్గమొకటి కలదు. ఒకసారి వాడి, విసిగి, మరల రానివారు ఆ వర్గము. వారు ఫిర్యాదు వ్రాయరు; ప్రశ్నావళి నింపరు; లెక్కలోనికి రారు. ఉన్నవారి మాటనే వినుచుండినచో, అందఱును సంతోషముగా నున్నట్లు తోచును. గ్రంథాలయమున ప్రతిదినము పత్రిక చదువ వచ్చు వృద్ధుడు ఆ సాఫ్టువేరును ఏల తాకుటలేదో అతని ప్రక్కన కూర్చుండి అడుగవలెను. అక్షరములు చిన్నవిగా నుండుటయే కారణము కావచ్చును. అది పది నిమిషములలో సరిచేయదగిన పని. కాని అడుగనిచో పది సంవత్సరములకును తెలియదు.

సేకరించిన మాటలను ఏమి చేయవలెనన్నది చివరి ప్రశ్న. రోగి నొప్పి యెక్కడనో చక్కగా చెప్పగలడు. మందును మాత్రము వైద్యుడు నిర్ణయించును. వాడువారు చెప్పిన ఇబ్బందిని పూర్తిగా నమ్మవలెను. వారు సూచించిన ఉపాయమును విచారించి స్వీకరింపవలెను. బిగ్గఱగా చెప్పిన ఒక్కని మాటను పదిమంది మాటగా ఎంచరాదు. అట్లని ప్రాణమునకో, సొమ్మునకో ముప్పుదెచ్చు దోషమును ఒక్కడే చెప్పినను ఉపేక్షింపరాదు. అన్నిటికంటె ముఖ్యమైనది, చెప్పినవారికి బదులు చెప్పుట. ‘మీ మాట అందినది, ఇది దిద్దితిమి, అది దిద్దలేము, కారణమిది’ అని తెలిపినచో వారు మరల చెప్పుదురు. బదులు రాని ఉత్తరమును రెండవసారి ఎవరును వ్రాయరు. కావున చదివి బదులు చెప్పగలిగినంత మాత్రమే అడుగుట వివేకము.

విద్యార్థులారా! మీలో కొందఱు రేపు సాఫ్టువేరును చేయువారగుదురు, అందఱును వాడువారగుదురు. వాడువారుగా మీకొక బాధ్యత కలదు. అడుగనిదే అమ్మయైనను పెట్టదని మన సామెత. మీకు కనబడిన దోషమును స్పష్టముగా, మర్యాదగా తెలుపుడు. తెలుగులోని ఒక్క అక్షరము సరిగా కనబడకపోయినను తెలుపుడు. మీరు చేయువారైననాడు ఆ సామెతను రెండవవైపునుండి చదువుకొనుడు. అడుగలేని బిడ్డ ఆకలిని కూడ కనిపెట్టి పెట్టునది తల్లి. అట్లే నోరు విప్పి చెప్పుకొనలేనివారి కష్టమును వెదకికొని పోయి తెలిసికొనుట చేయువారి మొదటి కర్తవ్యము.